బ్రేకు మేడమ్ తలనొప్పి

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది హాజరుపట్టీలో భద్రంగా ఉంటుంది, బయటికి రాదు. బయట అందరికీ ఆమె బ్రేకు మేడమ్. కారు నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర అమర్చిన రెండో బ్రేకును సమయానికి తొక్కి ఊళ్లో ఎన్నో ప్రాణాలనూ, కరెంటు స్తంభాలనూ, కొన్ని కాపురాలనూ కాపాడిన మనిషి. కాపురాలెందుకంటే, మొగుడి దగ్గర కారు నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆడవాళ్లు వారం తిరక్కుండా కళ్లు తుడుచుకుంటూ ఈమె దగ్గరికే వచ్చేవారు.

డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద స్కూలు పేరు కంటే పెద్ద అక్షరాలతో ‘లేడీ ఇన్‌స్ట్రక్టర్ కలదు’ అని రాయించారు. నిజంగానే కలదు. ఆవిడకు ఓ కుర్చీ కలదు, గేరు మార్చినప్పుడల్లా మూలిగే చిన్న కారు కలదు, తెల్లవారిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా ఊపిరి సలపనివ్వని బ్యాచ్‌లు కలవు. లేనిదల్లా బాత్రూమ్.

ఉండటానికి ఒకటి ఉంది. ఆఫీసు గది వెనకాల, తాళం వేసి. ఎప్పుడో నీళ్లు సరిగా రావడం లేదని వేసిన తాళం అది. నీళ్లొచ్చేసరికి తాళంచెవి కనిపించలేదు. చెవి లేని ఆ గదిలోకి ఆ తర్వాత పాత టైర్లు, విరిగిన బంపర్లు, రంగు పోయిన ఎల్ బోర్డులు ఎలా వెళ్లి కూర్చున్నాయో స్కూలు యజమానికే తెలియాలి. ఆయన్ని యజమాని అంటే ఒప్పుకోడు, ప్రొప్రైటర్ అనాలి. చేరిన కొత్తలో ఆమె సిగ్గు చంపుకుని ఒకసారి అడిగింది కూడా.

“మీరు బయటే తిరుగుతుంటారు కదమ్మా, ఆఫీసులో ఉండేదెంతసేపు?” అన్నాడాయన.

బయట తిరిగేవాళ్లకు అలాంటి అవసరాలు ఉండవని ఆయన నమ్మకం. మిగతా ఇన్‌స్ట్రక్టర్లిద్దరూ మగవాళ్లు, వాళ్ల విషయంలో అది నిజమే. వాళ్లకు ఊళ్లో కావలసినన్ని గోడలున్నాయి.

బ్రేకు మేడమ్ దీనికి తన పద్ధతి తాను కనిపెట్టుకుంది. పొద్దున్న లేచాక నీళ్లు తాగదు. టీ కూడా నాలుక తడిపేంతే. టిఫిన్ అసలే లేదు. కొత్తవాళ్లు క్లచ్చి వదిలినప్పుడల్లా బండి కుందేలులా గెంతుతుంది, నిండు కడుపుతో ఆ గెంతులు తట్టుకోవడం కష్టం. మధ్యాహ్నం ఇంటికొచ్చాక గడగడా ఒక చెంబెడు నీళ్లు తాగి, పొద్దుటిదీ మధ్యాహ్నందీ కలిపి ఒకేసారి తినేసి, సాయంత్రం బ్యాచ్‌లకు మళ్లీ నోరు కట్టేసుకునేది. ఒంటికి తెలివుంటుందంటారు గాని, ఆమె ఒంటికి భయం ఎక్కువ. కొన్నాళ్లకు అది అడగడమే మానేసింది. ఏదో ఒక ఉదయం అవసరం తలుపు తట్టినా, అప్పటికే ఎవరో ఒకావిడ స్టీరింగు పట్టుకుని ఎదురుగా వచ్చే బస్సును చూసి కళ్లు మూసుకుంటూ ఉండేది. అవసరం కాసేపు చూసి వెనక్కి వెళ్లిపోయేది. అలా వెనక్కి వెళ్లినవి రోజుల తరబడి కడుపులోనే కాపురం పెట్టేవి.

తలనొప్పి మాత్రం ఎవరి వీలూ చూసుకోలేదు.

అది ఎడమ కణత దగ్గర మొదలయ్యేది. ముందు కంటి మూల ఏదో మెరిసినట్టుండేది. తర్వాత ఎవరో ఆ వైపు తలలో కూర్చుని తాపీగా మేకులు కొడుతున్నట్టు, కొట్టిన ప్రతి మేకునూ మళ్లీ సరిచూస్తున్నట్టు. వెలుతురు పడదు, హారన్ పడదు, పక్కావిడ పూసుకున్న సెంటు అసలే పడదు. కడుపులో తిప్పుతుంది. ఆ స్థితిలో కూడా కుడికాలు బ్రేకు మీద పెట్టి, “క్లచ్చి, క్లచ్చి... అమ్మా, అది క్లచ్చి కాదు” అని మెత్తగా చెప్పగలిగేది. ఆ మెత్తదనం చూసి ఎంత ఓర్పో అనుకునేవారు. గట్టిగా మాట్లాడితే తల పగిలిపోతుందన్న సంగతి వాళ్లకేం తెలుసు?

ఇంట్లోనూ బంధువర్గంలోనూ ఈ తలనొప్పికి ఒక హోదా ఉండేది. దాని మీద అందరికీ తలా ఒక సిద్ధాంతం ఉంది. ఆమె భర్త కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటు. అక్కడికి వచ్చే పత్రికల్లో ఆరోగ్యం పేజీలు విద్యార్థులెవరూ చదవరు కాబట్టి ఆ లోటు ఆయన తీర్చేవాడు. “ఇది కళ్లదే” అన్నాడు మొదట. కళ్లద్దాలొచ్చాయి. అద్దాల్లోంచి ప్రపంచం స్పష్టంగా కనపడింది, తలనొప్పి కూడా. “అయితే సైనస్” అన్నాడు. ఆవిరి పట్టింది. పక్క ఊళ్లో ఉండే ఆడపడుచు ఫోన్లో, “మా తోడికోడలికి అచ్చం ఇలాగే ఉండేది, పన్ను పీకించాక పోయింది” అంది. పన్ను పోయింది. పాపం అది మంచి పన్నే. ఆ తర్వాత మెడ అన్నారు, ఆమె కొన్నాళ్లు మెడకు పట్టీ కట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. ఆ రోజుల్లో నేర్చుకున్నవాళ్లంతా ఆ పట్టీని చూసి ఏదో యాక్సిడెంటు అనుకుని, బతికుంటే చాలన్నట్టు చాలా జాగ్రత్తగా నడిపారు.

చివరికి స్కానింగు తీయించారు. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, భర్త ఇంటిల్లిపాదికీ, ఆ తర్వాత ఫోన్లో బంధువులందరికీ శుభవార్త చెప్పాడు. “భయపడాల్సిందేం లేదు. దాని తల్లో ఏమీ లేదట!”

తల్లో ఏమీ లేదని రుజువయ్యాక ఇక మిగిలింది మాత్రే. మందుల షాపువాడు ఆమెను రోడ్డు మలుపులో చూసినప్పుడే మాత్రల పట్టీ తీసి కౌంటరు మీద పెట్టేవాడు. అంత మర్యాద ఆమెకు సొంత ఇంట్లో కూడా లేదు. ఖాళీ కడుపులోకి, నీళ్లు లేకుండా, చప్పరించి మింగేసేది. మొదట్లో ఒక మాత్రతో నొప్పి ఒక రోజు ఆగేది. తర్వాత ఒక పూట. ఆ తర్వాత మాత్ర వేసుకోకపోతే తలనొప్పి, వేసుకుంటే కడుపు మంట. రెంటిలో కడుపు మంటే నయమని ఆమె తేల్చుకుంది.

కడుపు గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. తలనొప్పి పరువైన జబ్బు. నలుగురిలో కూర్చుని కణత నొక్కుకుంటే నలుగురూ “అయ్యో” అంటారు. మలబద్ధకానికి ఎక్కడ నొక్కుకోవాలి? ఎవరు అయ్యో అంటారు? కాబట్టి పొట్ట ఉబ్బరమూ, పుల్లటి తేన్పులూ, వారానికి ఒకటో రెండో సార్లు మాత్రమే జరిగే ఆ మహత్కార్యమూ ఆమె సొంత వ్యవహారాలుగా ఉండిపోయాయి. కంటి డాక్టరు కన్ను చూశాడు, ముక్కు డాక్టరు ముక్కు చూశాడు, పన్ను డాక్టరు పన్ను పీకాడు. తల నుంచి మెడ దాకా దిగిన వైద్యం అంతకంటే కిందికి దిగడానికి మొహమాటపడింది.

ఇలా ఉండగా డాక్టరమ్మ కారు నేర్చుకోవడానికి వచ్చింది.

ఆవిడ కడుపు డాక్టరు. యాభై దాటిన మనిషి. ఎన్నో ఏళ్లుగా ఉన్న డ్రైవరు పని మానేస్తే, ఇక ఎవరినీ నమ్ముకోకూడదని నిర్ణయించుకుంది. రోజూ మనుషుల నోట్లోంచి కడుపులోకి గొట్టాలు పంపి, చేయి వణక్కుండా లోపలంతా చూసి వచ్చే మనిషి, వీధి మలుపులో ఒక సైకిలు కనిపిస్తే స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తేది.

“చేతులు దించండి డాక్టర్‌గారూ, ఎవరూ కాల్చరు” అనేది బ్రేకు మేడమ్, కిందనుంచి బ్రేకు నొక్కుతూ.

ఒకరోజు ఉదయం బ్రేకు మేడమ్‌కు కంటి మూల మెరుపు కాస్త ముందుగానే మొదలైంది. ఎండ అద్దం మీద పడి కళ్లలో గుచ్చుతోంది. డాక్టరమ్మ ఆ రోజు మహోత్సాహంగా ఉంది. మొదటి గేరులోంచి రెండో గేరుకూ, రెండులోంచి ఎందుకో మళ్లీ ఒకటికీ వెళ్లివస్తోంది. బండి గెంతింది, ఆగింది, మళ్లీ గెంతింది. పార్కు గోడ పక్కకు వచ్చేసరికి బ్రేకు మేడమ్ బ్రేకు గట్టిగా తొక్కి, “పక్కకు ఆపండి” అని, ఆపకముందే తలుపు తీసి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. వచ్చిందల్లా చేదు నీళ్లే.

డాక్టరమ్మ హ్యాండ్ బ్రేకు వేసి మరీ దిగింది. చెప్పకుండా హ్యాండ్ బ్రేకు వేయడం అదే మొదటిసారి. తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. బ్రేకు మేడమ్ పుక్కిలించి ఉమ్మేసి, సీసా తిరిగి ఇచ్చేసింది.

“తాగండి.”

“వద్దండీ. ఇంకా ముగ్గురున్నారు.”

“ఎవరు ముగ్గురు?”

“బ్యాచ్‌లో.”

“వాళ్లకూ మీరు నీళ్లు తాగడానికీ సంబంధం ఏంటి?”

బ్రేకు మేడమ్ వచ్చి బండెక్కింది. సీట్లో తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి, ఆస్పత్రిలో వాడే గొంతుతో అడిగింది. “మోషన్ ఫ్రీగా అవుతోందా?”

“బండా? బాగానే ఉందండీ. కాస్త సెకండ్‌లోనే పట్టేస్తోంది.”

“బండి కాదమ్మా. మీకు.”

బ్రేకు మేడమ్ కళ్లు తెరిచింది. ఇన్నేళ్లలో ఇంతమంది డాక్టర్లలో ఎవరూ అడగని మాట, నడిరోడ్డు మీద, అదీ శిష్యురాలి స్థానంలో ఉన్న మనిషి అడిగేసరికి ఆమెకు నొప్పి కంటే ముందు సిగ్గొచ్చింది. “తలనొప్పండీ నాకు” అంది, దారి తప్పినవాళ్లకు అడ్రసు చెప్పినట్టు.

“తలనొప్పేనని కనిపిస్తూనే ఉంది. ఆఖరిసారి ఎప్పుడు అయింది?”

“ఏమో అండీ. మొన్నటి... కాదు, అంతకు ముందు వారం...” అని వేళ్లు ముడిచి, విప్పి, “గుర్తులేదు” అంది.

“మాత్రలు ఏం వేసుకుంటున్నారు?”

బ్రేకు మేడమ్ ముందున్న అర తెరిచింది. అందులో ఉండాల్సిన బండి కాగితాలకు చోటు లేనట్టు మాత్రల పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

“ఇవి రోజూ వేసుకుంటారా?”

“ఛ, రోజూ ఎందుకు వేసుకుంటానండీ! నొప్పి వచ్చినప్పుడే.”

“నొప్పి ఎప్పుడొస్తుంది?”

“రోజూ.”

డాక్టరమ్మ నవ్వలేదు. అర మూసేసింది. “నేను కడుపు డాక్టర్ని. నాకు అన్నీ కడుపులోనే కనిపిస్తాయి. ఆ సంగతి గుర్తుంచుకునే నా మాట వినండి” అని మొదలుపెట్టింది. “మీది ఒంటితల నొప్పి, పార్శ్వపు నొప్పి అంటారే, అది. అది మీ కడుపు పుట్టించిందని నేననను. కానీ తలకూ కడుపుకూ మధ్య మాటలుంటాయి. నరాల్లోంచి అటూ ఇటూ కబుర్లు పోతూనే ఉంటాయి. మీకు తలనొప్పి రాగానే కడుపులో తిప్పడం అందుకే. కడుపు బాగోలేనివాళ్లలో ఈ తలనొప్పి ఎక్కువగా ఉంటోందని చూస్తున్నాం. ఏది దేనివల్ల అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. తేలినవి మాత్రం చెప్తాను. నీళ్లు తాగకపోతే తలనొప్పి వస్తుంది. పూట మానేస్తే వస్తుంది. ఈ మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపు పుండవుతుంది. అన్నిటికంటే విచిత్రం, వీటిని ఇలా రోజూ మింగితే తలనొప్పి తగ్గడం మానేసి, వీటివల్లే వస్తుంది.”

“మాత్ర వల్ల తలనొప్పా?”

“అవును.”

“మరి ఆ తలనొప్పికి ఏం వేసుకోవాలండీ?”

ఈసారి డాక్టరమ్మకు నవ్వాగలేదు. “ఏమీ వేసుకోకూడదు. అదే కష్టం. నాకు తెలిసిన నరాల డాక్టరు ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్లండి. మాత్రలు ఎలా ఆపాలో ఆయన చూసుకుంటారు. కడుపు సంగతి నేను చూస్తాను. ముందు నీళ్లు తాగండి.”

“తాగితే ఎక్కడికెళ్లాలండీ?”

“ఎక్కడికేంటి?” అనబోయి డాక్టరమ్మ ఆగింది. వీధి అటు చూసింది, ఇటు చూసింది. పార్కు గోడ పొడవునా తడిసిన చారలు కనిపించాయి. ఆ గోడ ఎవరి కోసమో ఆమెకు అర్థమైంది. వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని బండి స్టార్ట్ చేసింది. అది రెండుసార్లు ఆగిపోయింది.

కడుపులోకి గొట్టం పంపి చూస్తే పుండు ఉండనే ఉంది. నరాల డాక్టరు మాత్రలన్నీ మానిపించి, రాత్రిపూట వేసుకోమని వేరే మందు రాశాడు. “మొదట్లో నొప్పి ఇంకా పెరుగుతుంది, ఓర్చుకోవాలి” అని ముందే చెప్పాడు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

ఆ రోజులు ఆ ఇంట్లో ఎవరూ మర్చిపోరు. బ్రేకు మేడమ్ చీకటి గదిలో పడుకుని గోడకేసి తిరిగి మూలిగేది. చప్పుడంటే పడదు. భర్త తలుపు దగ్గర నిలబడి ఏదో పత్రికలోంచి, “ఇక్కడేదో రాశారు, మన పేగుల్లో కోటానుకోట్ల క్రిములుంటాయట, అవి మంచివేనట” అని చదవబోయాడు.

“నువ్వు అవతలికి పోరా!” అన్న కేక వినిపించింది. అది భార్యది కాదు, తల్లిది.

ఆమె అత్తగారు టెలిఫోన్ ఎక్సేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ల బరువును ఎన్నడో దించేసినా, ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఠక్కున లైను కట్ చేయడం పోలేదు. కోడలి తలనొప్పి మీద ఇంతమంది ఇన్ని చెప్పినా, ఒక్క ముక్కా మాట్లాడనిది ఆవిడే. పట్టించుకోదని కోడలు లోలోపల నొచ్చుకునేది కూడా. ఇప్పుడు ఆవిడ తడిగుడ్డ పిండి కోడలి నుదుటి మీద వేసి, పక్కన కూర్చుంది. గ్లాసుతో నీళ్లు అందించింది. తాగేదాకా గ్లాసు పట్టుకునే ఉంది.

“మాకు సీటు మీంచి లేవాలంటే ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. ఎవరూ రారు” అంది ఉన్నట్టుండి. “పొద్దున కూర్చుంటే డ్యూటీ దిగేదాకా అంతే. సూపర్‌వైజరు అందరి ముందూ మెచ్చుకునేవాడు నన్ను. ఈవిడ సీటు కదలదు, చూసి నేర్చుకోండి అనేవాడు. నాకదెంత గొప్పగా ఉండేదో!”

కోడలు గుడ్డ కింద నుంచే చూసింది. “నీళ్లు తాగేవారు కాదా అత్తయ్యా?”

“ఎందుకు తాగుతానే? తాగి ఎవరితో మాట పడాలి?” అని, గుడ్డ తిరగేసి వేసి, “నాకూ ఉండేది ఈ తలనొప్పి. తలకు కొంగు బిగించి కట్టుకుని లైన్లు కలిపేదాన్ని. కడుపు సంగతి సరేసరి. ఇప్పటికీ అంతే. నువ్వు చెప్తేగా తెలిసింది, అది చెప్పుకోవచ్చని” అంది.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఇన్నేళ్లుగా, ఒకే బాత్రూము వాడుతూ, ఒకరి బాధ ఒకరికి తెలియకుండా దాచుకున్నారు. దాచడంలో ఇద్దరికీ గొప్ప శిక్షణ ఉంది మరి.

నొప్పి వదలడానికి రెండు మూడు వారాలు పట్టింది. వదిలాక ఒకరోజు ఉదయం బ్రేకు మేడమ్ నిద్రలేచి, ఏదో తక్కువైందని చాలాసేపు వెతుక్కుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది, పక్కింటివాళ్లు రేడియో పెట్టారు, తల ఊరుకుంది.

మళ్లీ పనిలోకి వెళ్లాలి. ఈసారి టిఫిన్ తిని, నీళ్లు తాగి వెళ్లాలి. ప్రొప్రైటరు దగ్గరికి వెళ్లి బాత్రూము సంగతి ఎత్తింది.

“అంతమంది పనిచేశారు, ఎవరూ అడగలేదే?” అన్నాడాయన. అంతమందిలో ఆడది తనొక్కతే అన్న సంగతి ఆమె గుర్తుచేసింది. “చూద్దాం. తాళంచెవి దొరకాలి కదా” అన్నాడు, చెవి దానంతటదే కాళ్లొచ్చి నడిచొస్తుందన్నట్టు.

ఆమె ఎదురుచూడలేదు. శిక్షణ ఇచ్చే దారి మార్చేసింది. ఇదివరకు బండి కాలనీ రోడ్ల మీద ఊరికే తిరిగేది. ఇప్పుడు మొదటి బ్యాచ్ పెద్దాస్పత్రి ఆవరణలో రివర్స్ నేర్చుకుంటుంది. రెండోది పెట్రోలు బంకులో బండి నిలపడం నేర్చుకుంటుంది. మూడోది జిల్లా గ్రంథాలయం ముందు, రెండు బళ్ల మధ్య ఇరుకులో దూర్చడం. “అయిదు నిమిషాలు ఇక్కడే నిలపండి, స్టీరింగు మీద చేతులు తీయకండి, ఇప్పుడే వస్తా” అని దిగి వెళ్లేది. వచ్చేసరికి నేర్చుకునేవాళ్లు కదలకుండా, ఊపిరి బిగబట్టి, ఇది కూడా ఏదో పరీక్షేననుకుని కూర్చుని ఉండేవారు. డాక్టరమ్మకు మాత్రమే అసలు సంగతి తెలుసు. ఆవిడ ఆస్పత్రి ఆవరణలో బండి ఆపగానే, “వెళ్లి రండి, నేను చూసుకుంటాను” అనేది డ్యూటీ డాక్టరులా.

కొన్నాళ్లకు ప్రొప్రైటరు పిలిపించాడు. “ఏంటి మేడమ్, మన బండి ఎప్పుడు చూసినా పెట్రోలు బంకులోనే ఉంటోందట? ఒకావిడైతే, మా అమ్మాయి కారు నేర్చుకుంటోందా, ఆస్పత్రికి వెళ్తోందా అని అడిగింది.”

“పార్కింగు నేర్పుతున్నానండీ.”

“రోజూ పార్కింగేనా?”

“టెస్టులో అందరూ పోయేది అక్కడే కదండీ” అంది ఆమె. అది నిజమే. 

తాళం మాత్రం అప్పుడూ తెరుచుకోలేదు. దాన్ని తెరిచింది ప్రొప్రైటరుగారి భార్య. ఆవిడకు కారు నేర్చుకోవాలని బుద్ధిపుట్టింది. “లేడీ ఇన్‌స్ట్రక్టర్ ఉందిగా” అని మొదటి రోజు ఆఫీసుకు వచ్చింది. మూత్రంలో రాళ్లున్నాయని ఆవిడను నీళ్లు బాగా తాగమన్నారట. సంచిలో పెద్ద సీసా, చేతిలో చిన్న సీసా. బండి ఎక్కే ముందు భర్తను అడిగింది, “బాత్రూమ్ ఎటు?”

“అదీ... తాళం వేసుంది.”

“అయితే తియ్యండి.”

“తాళంచెవి ఎక్కడుందో...”

ఆవిడ ఆయన మొహంకేసి చూసింది. భార్యల చూపుల్లో అదొక రకం. మాట పెరగదు, చూపు తగ్గదు. ప్రొప్రైటరుగారు జేబులోంచి తన తాళాలగుత్తి తీసి, ఒక్కో చెవీ తిప్పుతూ తిప్పుతూ, మూడోదాని దగ్గర ఆగి, “ఓహో, ఇదే కాబోలు” అన్నాడు. ఏళ్లుగా ఆయన నడుము దగ్గరే ఉన్నందుకు ఆ తాళంచెవి ఏమాత్రం సిగ్గుపడలేదు. చక్కగా తిరిగింది. ఇస్త్రీ చొక్కాతోనే ఆయన టైర్లు ఒక్కొక్కటి బయటికి దొర్లించాడు. ఇన్‌స్ట్రక్టర్లిద్దరూ సాయానికి వస్తే, “అక్కర్లేదు, ఆయన చేస్తారు” అందావిడ, వాచీ చూసుకుంటూ.

బ్రేకు మేడమ్ పక్కనే నిలబడి ఆ దృశ్యమంతా చూసింది. ఆమె అడిగినప్పుడు కదలని తాళం, ఆవిడ అడిగితే కదిలింది. సంతోషించాలో ఏడవాలో తేల్చుకునేలోపు, అవసరం పిలిచింది. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

తలనొప్పి పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. నెలకోసారో, ఎప్పుడైనా రెండుసార్లో వచ్చి పలకరించి పోతుంది. ఎండ మరీ తీక్షణంగా ఉన్నా, నిద్ర చాలకపోయినా వస్తుంది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే వస్తుంది. అన్నిటికీ కడుపే కారణమని చెప్పడానికి లేదు, డాక్టరమ్మ కూడా అలా చెప్పదు. కాకపోతే ఇప్పుడు ఆ రోజున బ్రేకు మేడమ్ “ఇవాళ నాకు బాగోలేదు, క్లాసు లేదు” అని చెప్పి ఇంటికొచ్చి పడుకుంటుంది. ఆకాశమేమీ విరిగి పడలేదు. కొత్తవాళ్లు ఒకరోజు ఆలస్యంగా స్తంభాలకు గుద్దుకుంటారు, అంతే.

ఇంట్లో మాత్రం తల పోయి కడుపు వచ్చింది. భర్త ఇప్పుడు కాలినొప్పికి కూడా పేగులే కారణమంటున్నాడు. రోజూ పొద్దున్నే పెరుగు గిన్నె ముందు కూర్చుని, అందులోని క్రిములను గౌరవంగా పలకరించి మరీ తింటాడు. ఆడపడుచు, పన్ను పీకించిన సంగతి ఆనవాలు కూడా లేకుండా మర్చిపోయి, “నేనప్పుడే అనుకున్నా, ఇదంతా పొట్ట వ్యవహారమేనని” అంటోంది. ఎవరి ముందున్నా ఫోన్ చేసి, “అయిందా ఇవాళ?” అని అడుగుతుంది. ఒక మనిషి మలవిసర్జన మీద ఒక కుటుంబానికి ఇంత ఆసక్తి పుడుతుందని తెలిస్తే, బ్రేకు మేడమ్ ఇంకొన్నేళ్లు నోరు మూసుకుని ఉండేదేమో.

డాక్టరమ్మ రెండో ప్రయత్నంలో లైసెన్సు తెచ్చుకుంది. పార్కింగులో నూటికి నూరు, సైకిళ్ల విషయంలో ఇప్పటికీ అనుమానమే.

అత్తగారు డాక్టరు దగ్గరికి రానని చాలాకాలం మొండికేసింది. “ఈ వయసులో నాకెందుకే, ఇన్నాళ్లు గడిచింది కదా” అనేది. కోడలు బలవంతపెట్టలేదు. ఒక సెలవురోజు పొద్దున ఆవిడే చీర మార్చుకుని, పర్సు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. “నీకు చూపించుకోవాల్సి ఉందన్నావుగా, పద, తోడొస్తాను” అంది. కోడలికి ఆ రోజు చూపించుకోవాల్సిందేం లేదు. అయినా, “పదండి అత్తయ్యా” అని బండి తీసింది.

ఆస్పత్రిలో వంతు రాగానే కోడలు లేచింది. అత్తగారు ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే లోపలికి వెళ్లి తెర లాగేసుకుంది. “నాకేం లేదమ్మా, కోడలికి తోడొచ్చాను” అన్న మాట తెర ఇవతలికి వినిపించింది. డాక్టరమ్మ మెల్లగా ఏదో అడిగింది. ఆ తర్వాత అత్తగారి గొంతు మొదలైంది. ఎక్సేంజి, సూపర్‌వైజరు, సీటు, తలకు బిగించిన కొంగు, అన్నీ వరసగా వస్తున్నాయి. లైను ఎక్కడా కట్ కాలేదు. బయట వంతు కోసం కూర్చున్నవాళ్లు గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. లోపల నర్సు ఒకసారి “మామ్మగారూ, ఇంకా పేషెంట్లున్నారు” అంది.

“ఉండనీ” అన్నది డాక్టరమ్మ. “చెప్పండమ్మా.”

బ్రేకు మేడమ్ బెంచీ మీద వెనక్కి వాలి, సంచిలోంచి సీసా తీసి, తాపీగా నీళ్లు తాగుతూ కూర్చుంది.